నా కోసం కిందికి దిగే బండి

"లైటు ఆరిందా?"

"ఆరలే."

"సరిగ్గా చూడవే."

"సరిగ్గానే చూసినాను. ఆరలే. కొత్త సామానుకి పసుపు కాప్పు కట్టయ్యా అంటే నవ్వితివి. ఇప్పుడు చూడు."

దానికీ నవ్వినాడు. బండి కింద నించి జరుక్కుంటా బయటికి వచ్చి, చేతులు లుంగీకి తుడుచుకొని, "ఫ్యూజు ఒకటి తెచ్చి వేసి చూస్తాను, కాఫీకి నీళ్ళు పెట్టు" అన్నాడు. "పెడతా, పో" అన్నాను. మా ఇద్దరి నడుమ చివరి మాటలు అవే. ఫ్యూజు అమ్మే కొట్టు ముందర నిలబడినవాడు నిలబడినట్టే కూలిపోయినాడంట. కొట్టువాళ్ళు ముఖం మీద నీళ్ళు చల్లినారంట, ఆటోలో ఎక్కించినారంట. ఆస్పత్రి వాకిలి దాకా కూడా పోలేదంట. నాకు మనిషి వచ్చి చెప్పేలోపల పొయ్యి మీద నీళ్ళన్నీ ఇగిరిపోయి గిన్నె నల్లగా మాడిపోయింది. ఆ గిన్నె ఇంకా ఉండాది. తోమినా పోలే.

పైన చెప్పిన మాటలు మేము ఎట్లా అనుకొన్నామో అట్లానే రాయి. చదువుకొన్నోళ్ళ మాట మాదిరి మార్చవద్దు.

రాసేది మా అన్న కూతురు. పక్క వీధిలో ఉండాది, బ్యాంకులో పని. మేము ఇంట్లో మాట్లాడేది తెలుగు, రాసేది చదివేది అంతా అరవం. మా ఊర్లో తెలుగోళ్ళందరి కత ఇదే. ఇది మాత్రం ఫోన్లో చూసి చూసి తెలుగు అక్షరాలు నేర్చుకొనింది. "అత్తా, నువ్వు చెప్పు, నేను మన మాటలోనే రాస్తాను" అంటాది. నాకు ఏ అక్షరమూ సరిగ్గా రాదు. అరవంలో సంతకం పెడతాను, బస్సు బోర్డు చూసి ఇది సేత్తూరు పోతుందా తళవాయిపురం పోతుందా అని గుర్తు పడతాను. నంబర్లు బాగా వస్తాయి. అవి మిల్లు నేర్పించినవి.

నేను నూలు మిల్లులో వైండింగు సెక్షన్. మిషనే ముడి వేసుకొనే కాలం అప్పుడింకా రాలే. నూలు తెగితే మేమే పట్టుకొని ముడి వేయాలి. మిల్లు సంగు, అదే సైరను, ఊదితే లోపలికి పోయి, మళ్ళీ సంగు ఊదేదాకా నిలబడే ఉండాలి. నేను వేసిన ముడి వేలితో తడిమినా తెలీదు. మేస్త్రీ కొత్తగా వచ్చిన పిల్లల్ని నా పక్కన నిలబెట్టి "ఈమె వేళ్ళు చూడండి, ముఖం చూడొద్దు" అనేవాడు. అట్లా నిలబడి నిలబడి మోకాళ్ళు రెండూ పోయినవి. ఇప్పుడు గడప దాటాలన్నా గోడ పట్టుకోవాలి.

మా ఆయన ఆ మిల్లు మొదలాళి, అదే ఓనరు, ఇంట్లో డ్రైవరు. పెద్ద నల్ల బండి. ఆ బండిని నేను ఎన్నేండ్లో బయట నించే చూసినాను. మిల్లు గేటు దగ్గర అది వస్తే మేము ఆడోళ్ళం పక్కకి జరిగి నిలబడతాము. ఆయన స్టీరింగు పట్టుకొని నేరుగా చూస్తా పోతాడు, నా పక్క తిరగడు. మొదలాళి వెనక కూచోని ఉంటాడు గదా. సాయంత్రం ఇంటికి వచ్చినాక మాత్రం, "ఏమే, జడలో కనకాంబరాలు ఎవురిచ్చినారు?" అంటాడు. చూసే ఉంటాడు.

మొదలాళి కొత్త బండి తెచ్చినాక ఈ పాతదాన్ని ఎవురూ అడగలే. దీనికి రిపేరు వస్తే చేసేవాళ్ళు దొరకరు అని భయం. "నీ మాట తప్ప ఎవురి మాటా వినదు, నువ్వే పెట్టుకో" అని ఆయనకి ఇచ్చేసినారు. ఇంటి ముందర రేకు షీటు వేసి, దాని కింద పెట్టినాడు. మా ఇల్లు ఎంత, ఆ బండి ఎంత! తలుపు తెరిస్తే బండే కనిపిస్తాది, వీధి కనిపించదు.

ఆ బండికి స్ప్రింగులు ఉండవు. నాలుగు చక్రాల దగ్గర నాలుగు రబ్బరు సంచులు, వాటిలో గాలి. ఇంజను వేస్తే లోపల ఒక మోటరు గుర్రుమని గాలి ఎక్కిస్తాది, బండి మెల్లగా లేస్తాది. ఎంత లేచింది అని చూసి చెప్పేదానికి ఒక్కో చక్రం దగ్గర ఒక సన్న కడ్డీ ఉండాది, నా చిటికెన వేలంత. చక్రం కదిలితే కడ్డీ కదులుతాది, కడ్డీ కదిలితే కంప్యూటరుకి తెలుస్తాది. నాకు ఇదంతా ఎట్లా తెలుసు అంటారేమో. ఆయన బండి కింద పడుకొంటే నోరు ఊరకుండదు. ఏది తిప్పుతా ఉంటే దాని కత చెప్తాడు. నేను పీట వేసుకొని పక్కన కూచోని టార్చి పట్టుకొంటాను. ముఖం కనిపించదు. చెయ్యి ఒకటి బయటికి వస్తాది, నల్లగా, గ్రీసు అంటుకొని. "పన్నెండు" అంటాడు. పన్నెండో నంబరు స్పానరు చూసి ఇస్తాను. "పది" అంటాడు. పది ఇస్తాను. ఒకసారి కూడా తప్పు ఇవ్వలే. "మొదలాళికి డ్రైవరే ఉండాడు, నాకు మెకానిక్కు కూడా ఉండాది" అంటాడు కింద నించి.

బండి వచ్చింది గానీ నేను ఎక్కలేకపోయినాను. అంత ఎత్తు. కాలు పైకి రాదు. ఆయన డిక్కీలో ఒక ముక్కాలి పెట్టినాడు. ఎక్కడ ఆగినా దిగి వచ్చి, ముక్కాలి వేసి, రెట్ట పట్టుకొని ఎక్కిస్తాడు. ఒకసారి పాత బస్టాండు దగ్గర అట్లా ఎక్కుతా ఉంటే, నాతో మిల్లులో పని చేసినామె చూసింది.

"అబ్బో, రాణిగారు ఎక్కుతా ఉండారు, దారి ఇవ్వండి!"

పక్కనామె, "ఏమన్నా, ముక్కాలి వేసినావు, గొడుగు పట్టవా?" అనింది.

"గొడుగు డిక్కీలో ఉండాది, వాన రానీ" అన్నాడు ఆయన.

వాళ్ళు మంచిగానే నవ్వినారు. నాకు మాత్రం ఒళ్ళంతా సిగ్గు. బస్సుకి నిలబడినోళ్ళందరూ నా కాలే చూస్తా ఉండారు. ఇంటికి వచ్చి, ఇంక నేను రాను, నువ్వే తిరుగు అన్నాను. నిజంగానే పోలే. పెళ్ళిళ్ళకి పోలే, మంసాపురంలో మా అన్న ఇంటికి కూడా పోలే. బస్సు మెట్లు ఇంకా ఎత్తు. ఆయన బండి తుడుస్తాడు, నేను తిన్నె మీద కూచోని చూస్తాను. మళ్ళీ బయట నించి చూసేదే అయింది.

ఆయన ఫోన్లో ఏందో చూస్తా ఉంటాడు, అట్లనే చెవి దగ్గర పెట్టుకొని ఎవురితోనో అరవంలో మాట్లాడతాడు. ఒక దినం తిరునెల్వేలి నించి ఒకతను వచ్చినాడు. సంచిలో నించి ఒక చిన్న పెట్టె తీసినాడు, అగ్గిపెట్టెలు రెండు జత పెట్టినంత. బండి చేసిన కంపెనీ సామాను కాదు, బయట చేసి అమ్మేది. స్టీరింగు కింద, కాళ్ళు పెట్టే చోట లోపల దాన్ని బిగించి, వైర్లు ఇచ్చినాడు. ఒక మీట ఉండాది, తాళం చెవికి తగిలించుకొనేది. అది నొక్కితే, బండి ఎంత ఎత్తులో ఉండాదో కంప్యూటరుకి ఈ పెట్టె వేరే చెప్తాదంట. అది నమ్మి గాలి వదిలేస్తాదంట. అంటే అబద్ధం చెప్పే పెట్టె అన్నమాట. అట్లా అంటే ఆయన, "నీ కోసం ఒక అబద్ధం చెప్పిస్తే తప్పేమి?" అన్నాడు.

నన్ను వాకిట్లోకి పిలిచి మీట నొక్కినాడు. మా ఊరి తెల్ల కుక్కల్ని చూసినారు గదా, అంత ఎత్తు కుక్క ముంగాళ్ళు చాచి కడుపు నేలకి ఆనించి పడుకొంటాదే, అట్లా ఉస్సుమని దిగింది ఆ బండి. తలుపు తెరిచినాడు.

"కూచో."

"ముక్కాలి ఏదీ?"

"ముక్కాలి ఇంక వంటింట్లో వేసుకొని కూరగాయలు తరుక్కో."

వెనక్కి తిరిగి సీటు మీద కూచోని కాళ్ళు లోపలికి తిప్పుకొన్నాను. అంతే పని. ఎవురి చెయ్యీ అక్కర లేకపోయింది. ఆ దినమే మంసాపురం పోయినాము. ముందర సీట్లో, ఆయన పక్కన. కొండ మీద మబ్బు పట్టి ఉండె. ఆయన నేరుగా చూస్తా నడుపుతాడు గదా అలవాటుగా, "ఏమయ్యా, మొదలాళి వెనక లేడు, నా పక్క తిరగొచ్చు" అన్నాను. "తిరిగితే లారీ కింద పోతాము" అన్నాడు. అయినా తిరిగినాడు. అన్న ఇంటి ముందర నేను దిగేదానికి మీట నొక్కితే మా వదిన పరిగెత్తుకొని వచ్చి, "అయ్యో, నాలుగు చక్రాలూ పంచరా!" అనింది. ఆయనకి కోపం వచ్చి, ఆమెకి పెట్టె గురించి సాంబారు చల్లారేదాకా చెప్పినాడు. ఆమెకి ఏమీ అర్థం కాలే. "నీ మొగుడు నిన్ను కూచోబెట్టేదానికి బండినే వంచినాడు పో" అనింది నాతో.

తిరిగి వచ్చేటప్పుడు నేను కాప్పు మాట ఎత్తినాను. మా ఇంట్లో కొత్త వస్తువు ఏది వచ్చినా నూలుకి పసుపు పూసి, చిన్న పసుపు కొమ్ము కట్టి, దానికి కాప్పు కట్టకుండా వాడం. రోలు గానీ, ఆవు గానీ, నీళ్ళ మోటరు గానీ. మా అమ్మ కట్టింది, నేను కడతాను. కట్టేది ఆ ఇంటి మగవాడే కట్టాలి, అది లెక్క.

"గ్రైండరుకి కట్టించినావు, ఫ్యానుకి కట్టించినావు. ఇది కరెంటు పెట్టె. కాప్పు చూస్తే దానికేమి తెలుస్తాది?" అన్నాడు.

"దానికి తెలీకపోయినా పరవాలేదు. నాకు తెలుస్తాది గదా."

నవ్వినాడు. కడతాననీ అనలే, కట్టననీ అనలే.

తర్వాత కొన్ని దినాలకి ఆ లైటు వచ్చింది. స్టీరింగు ముందర, నారింజ రంగులో, బండి బొమ్మ. కింద ఇంగ్లీషులో ఏదో రాసి ఉండాది. ఆయన చదివినాడు: బండిని ఎత్తి దించే దాంట్లో తప్పు ఉండాది, వర్క్‌షాపుకి పో అంటా ఉండాదంట. మీట నొక్కితే బండి కదల్లే. ఎత్తులోనే గట్టిగా నిలబడిపోయింది. బ్యాటరీ విప్పి మళ్ళీ వేసినాడు. వైర్లన్నీ ఒక్కొక్కటీ పట్టుకొని చూసినాడు. లైటు ఒకసారి ఆరి, వీధి చివరి దాకా పోయేలోపల మళ్ళీ వచ్చింది. ఆ పొద్దున కూడా దాని కిందే పడుకొని ఉండె. ఆ తర్వాతది మొదట్లోనే చెప్పినాను.

ఆయన పోయినాక ఇంటికి మనుషులు వచ్చినారు, పోయినారు. కార్యాలు అయినవి. అంతా అయినాక మిగిలింది నేనూ ఆ బండీ. తలుపు తెరిస్తే బండి. మూస్తే ఇల్లు. ఒక గ్లాసు బియ్యం వేస్తే రెండు పూటలా అదే. సంగు ఊదినప్పుడల్లా ఆయన వచ్చే వేళ అయింది అని చెవి వీధిలోకి పోతాది. పొద్దున లేచి బండి తుడుస్తాను. నాకు అందేంత వరకే. పైకప్పు మీద దుమ్ము అట్లానే ఉండాది. పక్కింటామె "బండితో మాట్లాడతా ఉండావేమక్కా" అంటాది. మాట్లాడను. దాని కింద నించి ఒక చెయ్యి వచ్చి "పన్నెండు" అంటే ఎంత బాగుండు అనుకొంటా తుడుస్తాను. స్పానర్ల డబ్బా తీసి నూనె పూసి మళ్ళీ పెడతాను. ఎవురు అడుగుతారని!

ఇది, రాసేది, ఆదివారం వచ్చి ఇంజను వేసి చూస్తాది. దానికి డ్రైవింగు ఆయనే నేర్పించినాడు. వేసిన ప్రతిసారీ ఆ లైటు వెలుగుతాది. నేను కిటికీ లోనించి చూస్తాను.

"అత్తా, ముక్కాలి వేసి ఎక్కు, అట్లా ఒక చుట్టు పోయి వద్దాము" అంటాది.

"నేను ముక్కాలి ఎక్కను."

"మరి ఈ బండి ఎందుకు పెట్టుకొనేది? అమ్మేద్దాము."

నేను లేచి గుడ్డ తీసుకొని బండి తుడిచేదానికి పోతాను.

అది ఊరుకోకుండా ఊర్లో ఒక మెకానిక్కుని తీసుకొని వచ్చింది. అతను బోనెట్టు ఎత్తినాడు, దించినాడు, స్టీరింగు కింద తల పెట్టి చూసి, "ఇదేమి, బయట పెట్టె బిగించినారు! ఇదే చేస్తాది ఇదంతా. దీన్ని పీకి పారేస్తే లైటు ఆరిపోతాది" అన్నాడు. స్క్రూడ్రైవరు కూడా తీసినాడు చేతికి.

నేను గోడ పట్టుకొని బండి దగ్గరికి పోయి తలుపుకి అడ్డంగా నిలబడినాను.

"లైటు వెలిగితే వెలగనీ. పెట్టె మీద చెయ్యి వేయవద్దు."

"అమ్మా, పెట్టె ఉన్నా ఇప్పుడు బండి దిగడం లేదు గదా, ఉండి ఏమి లాభం?"

"ఉండనీ."

మా అన్న కూతురు ఆ మెకానిక్కుకి కాఫీ ఇచ్చి పంపించేసింది. మొదట కోపం చేసింది, తర్వాత దానికి అర్థం అయింది. మా ఆయన ఎన్నో తెచ్చినాడు నా కోసం, పూలు, పలహారం, చీరలు. అవన్నీ అందరి మొగుళ్ళూ తెస్తారు. ఈ పెట్టె మాత్రం నా కాలు ఎంత లేస్తాదో కొలిచి చేయించింది. అది పీకేస్తే బండి మళ్ళీ మొదలాళి బండే. ఎవురిదో ఎత్తు బండి. నేను పక్కకి జరిగి నిలబడేది. నాకు కావలసింది ఒకటే: పెట్టె ఉండాలి, బండి ఇంకొకసారి నా కోసం కిందికి దిగాలి.

మా అన్న కూతురు తిరునెల్వేలి అతనికి ఫోను మీద ఫోను చేసింది. అతను ఈ పక్క తెన్‌కాశికి ఏదో పనికి వస్తా ఒక ఆదివారం మా ఇంటి దగ్గర ఆగినాడు. విషయం తెలీదు అతనికి. "అన్న ఏడీ?" అన్నాడు వచ్చీ రాగానే. ఇది పక్కకి తీసుకొనిపోయి చెప్పింది. అతను చాలా సేపు బండి చుట్టూ తిరిగినాడు, ఏమీ చేయకుండా. అప్పుడు ల్యాప్‌టాపు తెచ్చి, వైరు ఒకటి స్టీరింగు కింద తగిలించినాడు.

మొదట బ్యాటరీ చూసినాడు, బాగుండాది. ఎర్త్ వైరు విప్పి తుప్పు గీకి మళ్ళీ బిగించినాడు, లైటు ఆరలే. అప్పుడు, "అక్కా, ఒక్కసారి పెట్టె వైరు విప్పుతాను, తీసేయను, సుమ్మా, ఊరికే చూసేదానికి" అని నన్ను అడిగినాడు. అడిగినాడు గాబట్టి సరే అన్నాను. విప్పి, బండి కంప్యూటరులో పడిన తప్పు గుర్తు చెరిపేసి, ఇంజను వేసినాడు. లైటు వచ్చింది.

"చూసినారా? పెట్టె లేకపోయినా వస్తా ఉండాది. పెట్టె మీద తప్పు లేదు" అన్నాడు.

నేను తిన్నె మీద కూలబడినాను. ఆయన చేసిన దాంట్లో తప్పు లేదు. ఆ ఒక్క మాటకే ఆ దినం చాలు అనిపించింది.

అతను నాలుగు చక్రాల ఎత్తూ ల్యాప్‌టాపులో పెట్టి, మా అన్న కూతుర్ని ఒక్కో మూల బండిని అదిమి వదలమన్నాడు. నంబర్లు గదా, నేనూ వంగి చూసినాను. అది అదిమితే నంబరు మారుతాది, వదిలితే మారుతాది. మూడు మూలలూ అట్లానే. వెనక ఎడమ పక్క మాత్రం, అది ఎగిరి కూచున్నా నంబరు కదల్లే.

"కడ్డీ ఇరుక్కొని ఉండాది" అన్నాను.

అతను నన్ను చూసినాడు. "అన్న చెప్పినాడా?"

"ఆయన చెప్పనిది ఏముండాది."

జాకీ వేసి చక్రం విప్పి అతను కిందికి పోయినాడు. నేను పీట వేసుకొని టార్చి పట్టుకొని కూచున్నాను. ఎవురూ చెప్పలే నాకు. అలవాటు. కింద నించి చెయ్యి వచ్చింది. "పది" అన్నాడు. డబ్బాలో చూడకుండానే తీసి ఇచ్చినాను. ఇచ్చినాక ఆ చెయ్యి చూసినాను. వేరే చెయ్యి. పడుచు చెయ్యి, గడియారం ఉండాది దానికి. టార్చి ఆ గడియారం మీదికి పోయింది. "అక్కా, లైటు కదలకుండా పట్టుకోండి" అన్నాడు పాపం. పట్టుకొన్నాను.

"ఏదో చుట్టుకొని ఉండాది అక్కా. దారం మాదిరి. ఎలక తెచ్చిందో ఏమో. బ్లేడు ఇవ్వండి, కోసేస్తాను."

"కోయవద్దు. చూపించు."

టార్చి ముందుకి పెట్టి తల వంచినాను. ఆ కడ్డీ కీలు దగ్గర, మట్టి గడ్డ మాదిరి నల్లగా. అతను వేలితో మట్టి రాల్చినాడు. లోపల నూలు. నూలు నడుమ ఒక చిన్న పసుపు కొమ్ము, కీలుకీ ఇనుముకీ మధ్యన చీల కొట్టినట్టు ఇరుక్కొని ఉండాది.

"నువ్వు కట్టినావా ఇది?" అన్నాను.

"నేనెందుకు కడతాను అక్కా! కదిలే చోట ఎవురైనా కడతారా?"

ఎవురు కడతారు? కదిలే చోట కాప్పు కట్టేది ఆయన ఒక్కడే. పెట్టె మార్చి చెప్పేది ఈ కడ్డీ చెప్పే ఎత్తునే అని, ఇదే ముఖ్యం అని, ఎవురికీ కనిపించకుండా కిందికి పోయి కట్టినాడు. బండి లేస్తా దిగుతా ఉంటే ఆ నూలు తిరిగి తిరిగి కీలులోకి పోయింది. లైటు వచ్చినాక ఆయన ఈ కడ్డీ తప్ప అన్నీ టార్చి వేసి చూసినాడు.

నాకు గుర్తు పట్టేదానికి ముడి చాలు. ఎన్ని సార్లు నేర్పించినాను ఆయనకి మిల్లు ముడి! రాలే. లారీ తాడు కట్టినట్టు ఒకదాని మీద ఒకటి మూడు నాలుగు వేస్తాడు. "నీ ముడి చూస్తే మేస్త్రీ గేటు బయటికి పంపిస్తాడు" అనేదాన్ని. ఆ ముడే. మట్టిలో, గ్రీసులో, లావుగా, వంకరగా.

అతన్ని కడ్డీ విప్పి నా చేతికి ఇమ్మన్నాను. ఇచ్చి, మా అన్న కూతురితో కాఫీకి లోపలికి పోయినాడు. నేను వాకిట్లో పీట మీద కూచోని, జడ పిన్ను తీసి, ఆ ముడి విప్పినాను. మిల్లులో ఎన్ని ముడులో వేసినాను గానీ విప్పింది ఎప్పుడూ లేదు, తెగితే పారేయడమే. ఇది నూలు తెగకుండా విప్పాలి. పై ముడి వచ్చింది. దాని కింద ఇంకొకటి. బయట అంతా నలుపు గానీ లోపలి ముడి విప్పితే నూలు ఇంకా పచ్చగా ఉండాది, పూసిన దినం ఎట్లా ఉండెనో అట్లా. ఆ నూలు నేను పూలు కట్టేదానికి పెట్టుకొన్న ఉండ లోనిదే.

వాళ్ళు బయటికి వచ్చి నన్ను చూసినారు. అతను కడ్డీ తీసుకొని తుడిచి బిగించినాడు, చక్రం ఎక్కించి పెట్టె వైరు మళ్ళీ తగిలించినాడు.

కాప్పు పారేయకూడదు. స్టీరింగు కింద ఆ పెట్టెకే కడతాను అన్నాను. "అక్కడ ఏదీ కదలదు అక్కా, పది కట్టుకోండి" అన్నాడు. మగవాడే కట్టాలి అని లెక్క. కట్టినాడు గదా ఆయన ఒకసారి. అందుకని నేనే కట్టినాను, మిల్లు ముడి వేసి. ఇది తడిమినా తెలీదు.

మా అన్న కూతురు లోపల కూచోని ఇంజను వేసింది. అతను ల్యాప్‌టాపులో తప్పు చెరిపేసినాడు. నేను బయట నిలబడి ఉండాను. ఇది అద్దం దించి, "అత్తా, ఆరింది" అనింది. మీట నొక్కింది. ఉస్సుమని దిగింది. ఆ శబ్దం విని పక్కింటామె బయటికి వచ్చింది. నేను సీటు మీద కూచోని కాళ్ళు లోపలికి తిప్పుకొన్నాను. ఎవురి చెయ్యీ అక్కర లేదు. లేదు గదా అని ఏడుపు వచ్చింది.

ఇప్పుడు ఆదివారం ఆదివారం ఇది వచ్చి బండి తీస్తాది. మంసాపురం పోతాము, ఒకోసారి సేత్తూరు దాకా పోయి తిరిగి వస్తాము. బాగానే నడుపుతాది. ఆయన మాదిరే నేరుగా చూస్తాది. నేను పక్కకి తిరిగి మాట ఏదో మొదలు పెట్టి, చూసి, ఊరుకొంటాను. దానికి తెలుసు. ఇంటి దగ్గర నన్ను దించి, బండి షీటు కింద పెట్టి, తాళం చెవి నా చేతిలో పెట్టి పోతాది. నేను తిన్నె మీద కూచుంటాను. ఆ లైటు వెలుగుతా ఉండే దినాల్లో ఆయన చేసే పని ఒకటి మిగిలి ఉండె. పొద్దున లేస్తే దాన్ని గురించి అనుకొనేదాన్ని. ఇప్పుడు అదీ అయిపోయింది. ఇప్పుడు తుడిచేది ఒకటే పని.

ఆ పొద్దున కాప్పు కట్టలేదని నేను అంటే ఆయన ఎందుకు నవ్వినాడో తెలిసింది. కట్టినాను అని ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. చెప్పడు. జడలో కనకాంబరాలు చూసి కూడా గేటు దగ్గర తిరగని మనిషి గదా. సాయంత్రం కాఫీ తాగేటప్పుడు చెప్పేవాడేమో.

చాలమ్మా. చెయ్యి నొప్పి పుట్టి ఉంటాది నీకు. రాసింది చదువు, వింటాను. మన మాట కాగితం మీద నించి వస్తే ఎట్లా ఉంటాదో నేను ఎప్పుడూ వినలే. మొదట్నించి చదువు. లైటు ఆరిందా అని ఆయన అడిగే చోట గబగబా పోవద్దు. అక్కడ కొంచం ఆగు.